కంట్రోల్ బియ్యం సరే, కూర ఎక్కడిది? (మన తిండి చరిత్ర: 9వ భాగం)



పోయిన భాగంలో జీతగాళ్ళకు దొరలు కొలిచి పోసిన తాలు గింజల గురించి రాశాను. అది చదివి చాలామంది ఫోన్ చేసి వాళ్ళ తాతల ముచ్చట్లు చెప్పారు. ఈసారి పాడి పశువుల మీద రాస్తానని మాటిచ్చాను గానీ, మధ్యలో ఒక పని వచ్చిపడింది. అందుకే వరుస తప్పిస్తున్నాను. మన్నించండి.

పది రోజుల కింద లక్సెట్టిపేటలో మా ఇంటికి మా వాడ పొదుపు సంఘం ఆడవాళ్ళు ఆరుగురు వచ్చారు. చేతిలో ఇంగ్లీషులో ఉన్న ఒక దరఖాస్తు ఫారం. ఒక సంస్థ పేద కుటుంబాలు తాజా కూరగాయలు కొనుక్కోవడానికి గ్రాంటు ఇస్తుందట. సంఘం తరఫున దరఖాస్తు పెట్టుకోవాలట. "నువ్వు పీహెచ్‌డీ చేసినవు గద కొడుకా, జర నింపు" అన్నారు. నా పీహెచ్‌డీ తెలుగు సాహిత్యంలో. గ్రాంటు దరఖాస్తు నింపడం అందులో ఎక్కడా చెప్పలేదు. అయినా కూర్చుని చదివాను.

ఫారంలో మూడు షరతులున్నాయి. కుటుంబం ఎంత డబ్బు పెట్టి కూరగాయలు కొంటే అంతకు సమానమైన కూపన్ ఇస్తారు. ఆ కూపన్ రశీదు ఇచ్చే అమ్మకందారు దగ్గరే చెల్లుతుంది. మూడేళ్ళ తర్వాత పథకం ఆగిపోతుంది. నేను తెలుగులో చదివి వినిపిస్తుంటే మా చిన్నమ్మ అడ్డం పడింది. ఆమె అంగడిలో గోనెసంచి పరిచి పుంటికూర, పాలకూర, కొత్తిమీర కట్టలు అమ్ముతుంది. "గా రశీదు బుక్కు నేనేడికెల్లి తేవాలె? అంటే మనోళ్ళు నా తాన కొననే కొనద్దా?" అన్నది.

ఇంకొకామె, మొగుడు చనిపోయి పింఛను మీద బతికే ఆమె, అంతకన్నా చిన్న ప్రశ్న వేసింది. "నా తాన పెట్టెటందుకు పైసలే లేకపోతే గా సగం ఎవడిస్తడు?"

ఈ రెండు ప్రశ్నలకు జవాబు వెతికితే వచ్చిందే ఈ వ్యాసం. ఫారం నింపే ముందు మన తిండి మీద సర్కారు డబ్బు, గ్రాంటు డబ్బు ఇప్పటిదాకా ఎట్లా ఖర్చయిందో చూద్దామనుకున్నాను.

మన దగ్గర రేషన్ బియ్యాన్ని ఇప్పటికీ 'కంట్రోల్ బియ్యం' అంటాం. రేషన్ షాపు కంట్రోల్ దుకాణం. ఆ మాట రెండో ప్రపంచ యుద్ధ కాలం నాటిది. ధాన్యం కొరత వచ్చి ధరల మీద, నిల్వల మీద ప్రభుత్వాలు నియంత్రణ పెట్టిన రోజులవి. నిజాం రాజ్యంలో అదే కాలంలో రైతుల దగ్గర లెవీ ధాన్యం గుంజారు. పెద్ద భూస్వాములు తప్పించుకున్నారు, చిన్న రైతు ఇంట్లో గింజలు కొలుచుకుపోయారు. తెలంగాణ రైతాంగ పోరాటానికి లెవీ కూడా ఒక కారణం. అంటే పేదవాడి తిండి విషయంలో సర్కారు మనకు మొదట పరిచయమైంది పెట్టే చెయ్యిగా కాదు, తీసుకుపోయే చెయ్యిగా. కంట్రోల్ అనే మాటలో ఆ జ్ఞాపకం ఉంది.

1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడే మనిషిని కాదు నేను. మా అవ్వ ఇప్పటికీ రామారావు పేరు చెబితే చేతులు జోడిస్తుంది. అంతకు ముందు మా ఇండ్లల్లో వరి అన్నం పండుగ నాటి మాట. మిగతా రోజులు మక్క గటక, జొన్న గటక, అంబలి. దొర ఇంట్లో రోజూ ఉడికే తెల్లన్నం మా ఇంట్లో కూడా ఉడికిందంటే అది ఒట్టి కడుపు విషయం కాదు, మర్యాద విషయం. ఆ తర్వాత ధర పెరిగింది, తగ్గింది. 2008లో మళ్ళీ రెండు రూపాయలు, 2011లో రూపాయి. తెలంగాణ వచ్చాక 2015 జనవరి నుంచి మనిషికి ఆరు కిలోలు. 2025 ఉగాది నుంచి దొడ్డు బియ్యం పోయి సన్న బియ్యం, అదీ ఉచితంగా. నలభై ఏండ్ల చరిత్ర ఇది. ప్రతి ఎన్నికలోనూ బియ్యం ఉంది.

కూర మాత్రం లేదు. 2013లో అప్పటి ప్రభుత్వం 'అమ్మహస్తం' పేరుతో 185 రూపాయలకు తొమ్మిది సరుకులు ఇచ్చింది. కందిపప్పు, పామాయిలు, గోధుమలు, గోధుమ పిండి, చక్కెర, ఉప్పు, కారం, పసుపు, చింతపండు. సంచి నిండా సరుకులే, కానీ ఒక్క ఉల్లిగడ్డ లేదు, ఒక్క టమాట లేదు. కారణం తెలియనిది కాదు. బియ్యం గోదాములో నెలల తరబడి ఉంటాయి. పుంటికూర పొద్దుటికి వాడిపోతుంది. నిల్వ ఉండే దానికే పథకం ఉంటుంది. వాడిపోయేది పేదవాడి సొంత పూచీ.

ఆ పూచీ ఎంతో ఒకసారి లెక్క వేద్దాం. మన హైదరాబాద్ తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మనిషి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు తినాలి. నలుగురున్న ఇంటికి రోజుకు కిలో ఆరువందల గ్రాములు. నెలకు 48 కిలోలు. కిలో సగటున నలభై రూపాయలు వేసుకున్నా 1,920 రూపాయలు. ఆసరా పింఛను 2,016 రూపాయలు. ఒక వితంతువు పింఛను మొత్తం కూరగాయలకే పెడితే నెల చివర ఆమె చేతిలో 96 రూపాయలు మిగులుతాయి. ఉప్పు, నూనె, మందులు, కరెంటు అన్నీ అందులోనే. అందుకే మా ఇండ్లల్లో 'కూర' అంటే చాలా రోజులు పలుచటి పప్పుచారు, లేదంటే ఎల్లిపాయ కారం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలంగాణలో 15 నుంచి 49 ఏండ్ల ఆడవాళ్ళలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉందని చెప్పింది. నా క్లాసులో మొదటి పీరియడ్‌కే బల్ల మీద తల వాల్చే ఆడపిల్లలను చూసినప్పుడు నాకు ఈ లెక్కే గుర్తొస్తుంది. వాళ్ళు సోమరులు కారు.

"మరి పూర్వం మీ వాళ్ళు ఏం తిన్నారు?" అని అడగవచ్చు. చేను గట్ల మీద మొలిచింది తిన్నారు. కలుపుకు పోయిన ఆడవాళ్ళు సాయంత్రం కొంగులో గంగవాయిలి కూర, పొన్నగంటి కూర, చెంచలి కూర, తుమ్మి కూర తెచ్చేవాళ్ళు. ఎవరూ విత్తనివి, ఎవరూ అమ్మనివి. కూలి డబ్బుల్లో పడని రెండో కూలి అది. మా దిక్కు కడెం కాలువ నీళ్ళొచ్చి వరి పెరిగింది. మెట్టన పత్తి పెరిగింది. తర్వాత గడ్డి మందు వచ్చింది. గడ్డి మందు కొడితే కలుపు కూలి పోయింది, కలుపుతో పాటే కూర పోయింది. ఒకే డబ్బా మందుతో మా ఆడవాళ్ళకు రెండు నష్టాలు జరిగాయి. ఏ లెక్కల పుస్తకంలోనూ రెండోది కనిపించదు.

ఊర్లో మిగతా కులాలకు పెరడు ఉంది. పెరట్లో ఒక ఆనిగెపుకాయ తీగ, నాలుగు వంకాయ చెట్లు, ఒక మునగచెట్టు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని సామెత చెప్పుకుంటారు. మా వాడలో గోడకు గోడ ఆనుకుని ఇండ్లు. పెరడే లేనివాడికి ఆ సామెత ఎట్లా పుడుతుంది? కూరగాయ పండించాలంటే బావి కావాలి, కంచె కావాలి, రోజూ చూసుకునే తీరిక కావాలి. కూలికి పోయే మనిషి దగ్గర మూడూ లేవు. కాబట్టి తాజా కూర అనేది మన విషయంలో ఆరోగ్య సలహా కాదు, భూమి సమస్య.

ఇప్పుడు సర్కారు ప్రయత్నాల దగ్గరికి వద్దాం. 1999 జనవరి 26న చంద్రబాబు నాయుడు ప్రభుత్వం రైతుబజార్లు ప్రారంభించింది. దళారి లేకుండా రైతే అమ్ముతాడు. రైతుకు టోకు ధర కన్నా ఎక్కువ, కొనేవాళ్ళకు చిల్లర ధర కన్నా తక్కువ. ఆలోచన మంచిదే, చాలామందికి మేలు జరిగింది. కానీ అందులో అమ్మాలంటే రైతుగా గుర్తింపు కార్డు కావాలి. పట్టా లేని కౌలుదారు, గట్టు మీద నాలుగు కట్టలు పెంచుకునే మా చిన్నమ్మ లాంటి ఆమె కాగితం మీద రైతు కాదు. ఇక కొనడానికి పట్టణం దాకా రావాలి. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్ళకు బస్సు ఉచితం కాబట్టి టికెట్ సమస్య తీరింది. పోగొట్టుకున్న పూట కూలి మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వరు. పేదవాళ్ళు కూరగాయ కొనేది కిలోల్లో కాదు, అంగడి లేచే వేళకు కుప్ప పది రూపాయలకు వచ్చినప్పుడు. రైతుబజారు మధ్యతరగతి సంచి కొలతకు తయారైంది. మా కొంగు కొలతకు కాదు.

మన కొలతకు తయారైన పథకం ఒకటి ఈ రాష్ట్రంలోనే నడిచింది. పాత మెదక్ జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో. అక్కడ 1983 నుంచి పనిచేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో ఊరూరా సంఘాలున్నాయి. సభ్యులు ఎక్కువమంది పేద దళిత స్త్రీలు. 1990ల నడుమ వాళ్ళకు ఒక ప్రశ్న వచ్చింది. కంట్రోల్ దుకాణంలో ఎక్కడో పండిన బియ్యం వస్తున్నాయి, మన చుట్టూ భూములు బీడు పడి ఉన్నాయి, మనం తినే జొన్నను ఎవరూ పండించడం లేదు. దుకాణం మనమే ఎందుకు నడపకూడదు?

కేంద్ర గ్రామీణాభివృద్ధి మంత్రిత్వ శాఖ దీనికి డబ్బు ఇచ్చింది. ఆ డబ్బును ఎట్లా తిప్పారో జాగ్రత్తగా చూడండి. ముప్పై దాకా ఊళ్ళలో రెండున్నర వేల ఎకరాలకు పైగా బీడును సాగులోకి తెచ్చారు. దున్నకానికి, ఎరువుకు, విత్తనానికి రైతుకు అప్పు ఇచ్చింది సంఘం. రైతు ఆ అప్పును రూపాయల్లో కాదు, జొన్నల్లో కొన్నేండ్ల పాటు తీర్చాలి. ఆ జొన్నలు ఊర్లోనే నిల్వ. పనులు దొరకని రోజుల్లో వాటిని బజారు ధర కన్నా తక్కువకు పేద ఇండ్లకు అమ్మారు. అమ్మిన డబ్బు మళ్ళీ సాగుకు. ఎవరు పేదలో మండలాఫీసు జాబితా చెప్పలేదు. ఊరంతా కూర్చుని, ఇల్లిల్లూ పేరు పెట్టి, అందరి ముందూ వరుస తేల్చింది. ఎక్కువ పేద అయినవాళ్ళకు ఎక్కువ గింజలు.

గ్రాంటు వచ్చింది ఒక్కసారే. అది గింజగా మారి తిరిగి తిరిగి వచ్చింది. గంజి కోసం దొర వాకిట్లో నిలబడ్డ ఆడవాళ్ళ చేతికి ఊరి గాదె తాళం చెవి వచ్చింది. విత్తనాల కోసం పెద్ద కులాల రైతులు వాళ్ళ ఇండ్లకు నడిచి వచ్చారు. ఆ స్త్రీలే తర్వాత మాచునూరులో 2008లో సంఘం రేడియో నడిపారు. 2019లో ఆ సంఘాలకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వాళ్ళ ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరైన పి.వి. సతీష్ గారు 2023 మార్చిలో చనిపోయినప్పుడు పత్రికలన్నీ ఆయన గురించి రాశాయి, రాయాల్సిందే. గాదె తాళం మోసిన ఆడవాళ్ళ పేర్లు కూడా అంతే పెద్ద అక్షరాల్లో రావాలని నా కోరిక.

సాహిత్య విద్యార్థిగా ఒక మాట. పదిహేనో శతాబ్దపు శ్రీనాథుడి పేరు మీద చెలామణి అయ్యే చాటువుల్లో పల్నాటి జొన్నన్నం మీద వెటకారం ఉంది. దాన్ని క్లాసులో చమత్కారంగా చెబుతాం, పిల్లలు నవ్వుతారు. ఆస్థాన కవి నోటికి దిగని ముద్ద ఎవరి రోజువారీ తిండో ఎవరూ అడగరు. తిండికి కులం అంటించింది శాస్త్రాలు మాత్రమే కాదు, పద్యాలు కూడా. జహీరాబాద్ ఆడవాళ్ళు ఆ జొన్నలనే గాదెలో పోసి దానితో ఊరికి అన్నం పెట్టారు. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టంలో బియ్యం కిలో మూడు రూపాయలు, గోధుమలు రెండు, జొన్న, సజ్జ లాంటి ముతక ధాన్యాలు రూపాయి అని రాసి ఉంది. చట్టంలో ఉన్న ఆ రూపాయి జొన్న మా కంట్రోల్ దుకాణానికి నేనైతే వచ్చింది చూడలేదు.

మా చిన్నమ్మ చేతిలోని ఫారం లాంటివి అమెరికాలో చాలాకాలంగా ఉన్నాయి. అక్కడి చరిత్ర మనకు పనికొస్తుంది. 1939 మేలో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ పట్టణంలో మొదటి ఫుడ్ స్టాంపులు వచ్చాయి. పేదవాళ్ళు ఒక డాలర్ పెట్టి నారింజ రంగు స్టాంపులు కొంటే, అర డాలర్ విలువైన నీలం స్టాంపులు ఉచితం. నీలం స్టాంపుతో కొనగలిగింది అమ్ముడుపోక మిగిలిన పంటలే. రైతు దగ్గర మిగిలిన సరుకు కదలాలి, అది అసలు అవసరం. పేదవాడి ఆకలి ఆ అవసరానికి దారి అయింది. పైగా మొదటి డాలర్ లేనివాడికి స్టాంపే లేదు. ఆ పథకం 1943లో ఆగింది. 1964లో చట్టంగా మళ్ళీ వచ్చినప్పుడు కూడా ముందు డబ్బు కట్టే షరతు ఉంది. దాన్ని తీసేయడానికి 1977 చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. మా వాడ వితంతువు ఒక్క నిమిషంలో అడిగిన ప్రశ్న ఒక పెద్ద దేశపు చట్టసభకు అర్థం కావడానికి దాదాపు నలభై ఏండ్లు పట్టింది.

2009లో డెట్రాయిట్‌లో ఇంకో పథకం మొదలైంది. ఫుడ్ స్టాంపుతో రైతుల సంతలో కూరగాయలు కొంటే అంతే విలువ అదనంగా కలుస్తుంది. 2014 వ్యవసాయ చట్టం ఇలాంటి వాటికి ఐదేండ్లకు పది కోట్ల డాలర్ల గ్రాంటు పెట్టింది. 2018లో దానికి గస్ షూమాకర్ పేరు పెట్టి కొనసాగించారు. మన ఫారం ఈ నమూనా నుంచే వచ్చిందని పోలిక చూస్తే తెలుస్తుంది. కానీ ఒక తేడా ఉంది. అక్కడ పేద కుటుంబానికి కొనడానికి ముందే సర్కారు సొమ్ము చేతిలో ఉంది. రెట్టింపయ్యేది ఆ సొమ్ము. ఇక్కడ మన చేతిలో ఉన్నది బియ్యం. బియ్యాన్ని రెట్టింపు చేస్తే కూర కాదు.

అదే దేశంలో మనకు ఇంకా దగ్గరి బంధువు ఒకామె ఉంది. ఫానీ లూ హేమర్. మిసిసిపీలో పత్తి చేలల్లో పాలుకు చేసిన నల్లజాతి స్త్రీ. 1962లో ఓటు నమోదుకు పోయినందుకు దొర ఆమెను తోట నుంచి వెళ్ళగొట్టాడు. 1969లో ఆమె ఫ్రీడమ్ ఫార్మ్ పేరుతో మొదట 40 ఎకరాలు కొని, పేద కుటుంబాల కోసం కూరగాయలు పండించింది. ఓటు అడిగినందుకు తిండి ఆపే చోట, సొంత తిండి లేనిదే ఓటు నిలవదని ఆమెకు అనుభవంతో తెలుసు. పందుల బ్యాంకు కూడా పెట్టింది. ఒక కుటుంబానికి ఆడపందిని ఇస్తారు, అది ఈనాక కొన్ని పిల్లలు ఇంకో కుటుంబానికి పోవాలి. జహీరాబాద్ జొన్న, మిసిసిపీ పంది ఒకే సూత్రం మీద నడిచాయి. ఒకరికొకరు తెలియకుండానే. కానీ ఫ్రీడమ్ ఫార్మ్ భూమి అప్పులు, పన్నులు ఎక్కువగా విరాళాల మీద ఆధారపడ్డాయి. 1970ల నడుమకు విరాళాలు ఎండిపోయాయి, భూమి చేజారింది. 1977లో ఆమె పోయింది. ఇదీ మనం నేర్చుకోవాల్సిందే. గ్రాంటు ఆగిన రోజు ఏం మిగులుతుందో మొదటి రోజే చెప్పుకోవాలి.

ఇదంతా మా ఇంటి వాకిట్లో కూర్చుని వాళ్ళకు చెప్పాను. రెండు సాయంత్రాలు పట్టింది. తర్వాత దరఖాస్తులో నాలుగు మాటలు రాశాం. మొదటిది, ముందు డబ్బు పెట్టే షరతు వద్దు. పింఛను మీద బతికే ఇండ్లకు కూపన్ నేరుగా ఇవ్వండి. రెండోది, అంగడిలో నేల మీద కూర్చుని కుప్పలు అమ్మే ఆడవాళ్ళ దగ్గర కూపన్ చెల్లాలి. రశీదుకు బదులు సంఘం పుస్తకంలో ఎవరు ఎవరి దగ్గర ఎంత కొన్నారో రాస్తాం, మీరు ఎప్పుడైనా వచ్చి చూసుకోండి. మూడోది, ఎవరికి ముందు ఇవ్వాలో వాడలో అందరం కూర్చుని తేలుస్తాం. నాలుగోది, మొత్తంలో కొంత భాగం రెండెకరాలు కౌలుకు తీసుకుని ఆకుకూర, కూరగాయ వేయడానికి పెట్టండి. ఆ సాగు చేసేవాళ్ళు పెట్టుబడిని కూరగాయల రూపంలో సంఘానికి తీరుస్తారు. మూడేళ్ళ తర్వాత మీరు పోయినా ఆ మడి ఉంటుంది.

నాలుగో దాని మీద వాళ్ళలోనే గొడవ జరిగింది. కౌలు భూమి ఎవరిస్తారు, నీళ్ళు ఎవరివి, ఎండకాలం ఏం చేస్తాం అని. నా దగ్గర జవాబు లేదు. ఒకామె మాత్రం, "ఇయ్యకపోతే ఇయ్యనియ్యి, అడిగితే ఏంబోయె" అన్నది. అట్లా ఆ మాట నిలిచింది.

చివరికి ఫారంలో పదే పదే వచ్చిన ఒక మాటను నేను 'లబ్ధిదారులు' అని తెలుగు చేసి చదివితే మా చిన్నమ్మ ఒప్పుకోలేదు. "లబ్ధి ఏంది? మేం కొంటున్నం, అమ్ముతున్నం. గట్లనే రాయి" అన్నది. కొట్టేసి 'కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు' అనే అర్థం వచ్చే మాటలు ఇంగ్లీషులో రాశాను. మొన్న సోమవారం దరఖాస్తు పంపాం. ఇంకా జవాబు రాలేదు. షరతులు మార్చమన్నందుకు అసలే రాకపోవచ్చు. ఏం వచ్చినా ఇక్కడే చెబుతాను.

మీ ఊళ్ళో ఇలాంటి కాగితం వస్తే సంతకం పెట్టే ముందు ఆ రెండు ప్రశ్నలు అడగండి. చేతిలో పైసలు లేనివాళ్ళ సంగతేంటి? నేల మీద కూర్చుని అమ్మేవాళ్ళ సంగతేంటి? వచ్చే భాగంలో మాటిచ్చినట్టు పాడి పశువుల దగ్గరికి వెళ్దాం.

జై భీమ్.